తెలుగులో పెట్టిన ఫోన్‌ని మళ్లీ ఇంగ్లీషుకు ఎందుకు మార్చుకుంటారు

అనంతపురంలో టవర్ క్లాక్‌కు కాస్త అవతల మా బావకు మొబైల్ షాపు ఉంది. స్క్రీన్ గార్డులు, ఛార్జర్లు, సిమ్ములు, చిన్నాచితకా రిపేర్లు. పైసా రాని పనుల్లో అతని దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఏంటంటే, "అన్నా, ఫోన్ తెలుగులోకి పొయింది, మళ్లీ ఇంగ్లీషుకు పెట్టియ్యవా" అనేది. అడిగేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు చదవడం రాదు. తెలుగు పేపర్ మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. అయినా ఫోన్‌లో తెలుగు వద్దంటారు.

నేను చేసే పని యాప్‌లకు తెలుగు రాయడం. బటన్ల మీద, మెనూల్లో, నోటిఫికేషన్లలో కనిపించే తెలుగు ఉంటుంది కదా, దాన్ని నాలాంటి వాళ్లే ఇంట్లో కూర్చుని రాస్తారు. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం తగులుతుంది. సాయంత్రాలు షాపులో కూర్చుని చూసీ చూసీ నాకు ఒకటి అర్థమైంది, అది రాద్దామనే ఈ పోస్టు.

యాప్‌ల తెలుగు గురించి ఆన్‌లైన్‌లో ఎప్పుడు చర్చ మొదలైనా అది పేర్ల దగ్గరే తిరుగుతుంది. సెట్టింగ్స్‌ని అమరికలు అనాలా, పాస్‌వర్డ్‌ని సంకేతపదం అనాలా, డౌన్‌లోడ్‌ని దిగుమతి అనాలా దించుకోలు అనాలా, ఒకరు సంస్కృతం అంటారు, ఇంకొకరు అచ్చతెలుగు అంటారు, మూడో ఆయన వచ్చి తమిళం వాళ్లని చూసి నేర్చుకోండి అని పోతాడు. ఆ గొడవలో నాకు ఆసక్తి పోయి చాలా కాలమైంది. ఎందుకంటే పేర్ల సంగతి జనం ఎప్పుడో తేల్చేశారు. సెట్టింగ్స్, పాస్‌వర్డ్, ఓటీపీ, వైఫై, ఛార్జింగ్, సిగ్నల్, గ్రూప్, స్టేటస్. ఉరవకొండ సంతలో పచ్చిమిరపకాయలు అమ్మే ఆమెను అడిగినా ఇవే మాటలు చెబుతుంది. ఇవి ఇంగ్లీషు మాటలని ఆమెకు గుర్తు కూడా ఉండదు.

జనం తేల్చుకున్నది ఇంకొకటి ఉంది, దాన్నెవరూ పట్టించుకోరు. అది క్రియలు. మనం ఫోన్ గురించి మాట్లాడేటప్పుడు ఒకసారి వినండి. మిస్డ్ కాల్ ఇస్తాం. మెసేజ్ పెడతాం. స్టేటస్ పెడతాం, ఫోటో గ్రూపులో వేస్తాం. రీఛార్జ్ వేయించుకుంటాం. ఓటీపీ కొడతాం, పిన్ కొడతాం, లైక్ కొడతాం, స్కాన్ కొడతాం. ఫోటో తీస్తాం, యాప్ కూడా తీస్తాం, అయితే ఇక్కడ తీయడం అంటే తెరవడం కావచ్చు, ఫోన్‌లోంచి పీకేయడమూ కావచ్చు, మాట తీరును బట్టి తెలుస్తుంది. డేటా ఆన్ చేస్తాం కానీ లైట్ మాత్రం వేస్తాం. కాల్ వస్తే ఎత్తుతాం, వద్దనుకుంటే కట్ చేస్తాం. ఫోన్ గురించి తెలుగువాళ్లు మాట్లాడుకునే తెలుగంతా ఈ ఇవ్వడం, పెట్టడం, వేయడం, కొట్టడం, తీయడంలోనే ఉంది. పేరు బయటి నుంచి వచ్చింది, దానితో ఏం చేయాలో చెప్పే మాట మనది.

యాప్‌లు సరిగ్గా దీన్ని తిరగేస్తాయి. పేరును తీసుకెళ్లి నిఘంటువులో ముంచి, క్రియ దగ్గరికొచ్చేసరికి అన్నిటికీ ఒకే "చేయండి" తగిలిస్తాయి. నమోదు చేయండి, సమర్పణ చేయండి, ఎంపిక చేయండి, నిర్ధారణ చేయండి, ధృవీకరణ చేయండి. చదివేవాడికి ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఎమ్మార్వో ఆఫీసు ఫారం చదివినట్టు ఉంటుంది. "పిన్ నమోదు చేయండి" అని రాసినచోట "పిన్ కొట్టండి" అని రాస్తే ఏమవుతుంది? ఇది నేను కంపెనీలను అడిగిన ప్రశ్నే. మర్యాదగా ఉండదని జవాబు వస్తుంది. కొట్టండి అనేది కొట్లాటలా వినిపిస్తుందట. సరే, "పిన్ వేయండి" అందాం. అది కూడా బాగానే ఉంటుంది, బ్యాంకులో సంతకం వేయమన్నప్పుడు ఎవరికీ కోపం రాదు కదా.

ఇంతవరకూ ఇష్టాయిష్టాల సంగతి అనుకోవచ్చు. అసలు నష్టం వాక్యం చివర జరుగుతోంది.

ఒకరోజు బావ షాపుకు రాప్తాడు పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, కక్కలపల్లి మార్కెట్లో టమోటా వేసి వస్తున్నాడు. మండీ వాళ్లు డబ్బు అకౌంట్లో వేశామన్నారు, ఫోన్‌లో కూడా వచ్చింది, ఏటీఎంలో మాత్రం రావడం లేదు, కార్డు ఏమన్నా చెడిపోయిందేమో చూడమని అడిగాడు. ఫోన్ తీసి చూపించాడు. పైన నోటిఫికేషన్ ఒక్క లైనులో ఉంది: "మీ ఖాతాకు రూ. 18,400 జమ చేయడం సాధ్యం…" అంతే, అక్కడితో మూడు చుక్కలు. దాన్ని కిందికి లాగితే మిగతాది కనిపించింది, "కాలేదు". ఆయన తెలుగు చక్కగానే చదివాడు, ఖాతా అన్నారు, జమ అన్నారు, అంకె ఉంది, సాధ్యం అని కూడా ఉంది. "సాధ్యం అనే కదప్పా ఉండేది" అన్నాడు. ఆయన చదవడంలో తప్పేముంది?

ఇంగ్లీషులో కాదు లేదు అనే మాట వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది, వెనక ఎంత తెగినా విషయం చేతికి అందుతుంది. తెలుగులో కాదు, లేదు, వద్దు, కూడదు అన్నీ క్రియకు తోకలా చిట్టచివర వస్తాయి. నోటిఫికేషన్ ముడుచుకుని ఉన్నప్పుడు ఆండ్రాయిడ్ సాధారణంగా ఒక లైనే చూపిస్తుంది, మిగతాది కోసేసి చుక్కలు పెడుతుంది. అంటే మన భాషలో ఆ కోత పడేది సరిగ్గా అవునో కాదో తేలే చోట. ఇది డిజైన్ చేసినవాళ్లకు తెలియదు, వాళ్లు ఇంగ్లీషు పెట్టి చూసుకున్నారు, అక్కడ అంతా సరిపోయింది. అనువాదం చేసినవాళ్లకూ తెలియదు, వాళ్లకిచ్చింది ఎక్సెల్ షీట్, అందులో గడి ఎంత పొడుగైనా సాగుతుంది.

దీనికి మందు పెద్ద కష్టమేం కాదు. ఫలితం మొదట చెప్పాలి. "డబ్బు పడలేదు: రూ. 18,400. వివరాలకు నొక్కండి." మొదటి రెండు మాటల్లో అయిపోయింది. "పడలేదు" అన్నది మండీ దగ్గర, బ్యాంకు దగ్గర, ఇంట్లో అందరూ అనే మాటే, "డబ్బులు పడినాయా?" అని అడగని ఇల్లు అనంతపురం జిల్లాలో ఉండదు. నేను ఇప్పుడు ఏ నోటిఫికేషన్ రాసినా మొదటి రెండు మూడు మాటలు మాత్రమే ఉంచి, మిగతా అంతా వేలితో మూసి చదువుకుంటాను. అలా మూసినా అర్థం తిరగబడకుండా ఉంటేనే పంపిస్తాను.

ఎస్ఎంఎస్‌ల సంగతి ఇంకో రకం. ఇంగ్లీషులో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. ఆ 70 కూడా మనం అనుకునే అక్షరాలు కావు. "లక్ష్మి" అన్నది మనకు రెండక్షరాలు, ఫోన్ లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. అందుకే తెలుగులో మెసేజ్ పంపాలంటే కంపెనీలకు రెండు మూడు మెసేజ్‌ల ఖర్చు, వాళ్లు మనల్ని కుదించమంటారు, కుదించేటప్పుడు మొదట ఎగిరిపోయేవి "అండి"లు. ఆ తర్వాత అర్థం.

బటన్ల దగ్గరికొద్దాం. యాప్ తెలుగులో నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే స్క్రీన్ ఇది: "ఆర్డర్ రద్దు చేయాలా?" అని అడుగుతుంది. కింద రెండు బటన్లు. ఒకటి "రద్దు చేయి". ఇంకొకటి "సరే". ఏది నొక్కితే ఆర్డర్ పోతుంది? ఏది నొక్కితే ఉంటుంది? ఇంగ్లీషులో క్యాన్సిల్ అనే మాటకు ఈ పెట్టె మూసేయి అని ఒక అర్థం, ఆర్డర్ తీసేయి అని ఇంకో అర్థం, నిజానికి ఇంగ్లీషులోనే ఇది తికమక. తెలుగులో మాత్రం దీన్ని దాటడం చాలా సులువు, ఎందుకంటే మన దగ్గర "వద్దు" ఉంది. "ఆర్డర్ తీసేయాలా?" అని అడిగి "తీసేయి", "వద్దు, ఉంచు" అని రెండు బటన్లు పెడితే చదువురాని వాళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించినా అర్థమవుతుంది. బటన్ మీద ప్రశ్నలోని క్రియే తిరిగి రావాలి. సరే, అవును, ఓకే అని పెడితే దేనికి సరే అన్నామో మళ్లీ పైకి చూసుకోవాలి, అప్పటికి వేలు నొక్కేసి ఉంటుంది.

మర్యాద విషయంలో ఒక తగాదా ఎప్పుడూ ఉంటుంది, బటన్ మీద "పంపు" అనాలా "పంపండి" అనాలా అని. దీనికి నేను పాటించే లెక్క ఒకటుంది. ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారో చూడాలి. బటన్ నొక్కేది మనిషి, అంటే మనిషి ఫోన్‌కు పని చెబుతున్నాడు, "పంపు", "తీసేయి", "వెతుకు". ఫోన్‌కు అండి ఎందుకు? అదే ఫోన్ మనిషిని అడిగేటప్పుడు మాత్రం అండి ఉండి తీరాలి, "పిన్ వేయండి", "కాసేపు ఆగండి", "మళ్లీ ప్రయత్నించండి". ఈ తేడా పాటిస్తే స్క్రీన్ మీద ఏది సూచనో ఏది బటనో మాట వినగానే తెలిసిపోతుంది, రంగు చూడాల్సిన పని కూడా లేదు. చాలా యాప్‌లు రెండు చోట్లా అండి పెడతాయి, కొన్ని రెండు చోట్లా తీసేస్తాయి. నాకు తెలిసిన ఒక యాప్ అయితే బటన్ మీద "దయచేసి సమర్పించండి" అని రాసి, కింద తప్పు వస్తే "తప్పుడు నంబర్ ఇచ్చావు" అంటుంది. ఇద్దరు వేర్వేరు మనుషులు వేర్వేరు రోజుల్లో రాసి ఉంటారు.

ఎక్సెల్ షీట్ అన్నాను కదా, దాని గురించి కొంచెం చెప్పాలి. మాకు వచ్చేది స్క్రీన్ కాదు, చీలికలైన మాటలు. ఒక గడిలో "ఫ్రీ" అని ఉంటుంది. అది ఉచితమా, ఖాళీయా? ఫోన్‌లో స్టోరేజ్ చూపించే చోట "2 జీబీ ఉచితం" అని చూసి, కంపెనీ వాళ్లు స్పేస్ ఫ్రీగా ఇస్తున్నారనుకున్న వాళ్లు ఉన్నారు, నవ్వొస్తుంది కానీ రాసినవాడి తప్పు సగమే. "క్లియర్" అని ఉంటే ఒకాయన "స్పష్టం" అని రాస్తాడు, అక్కడ ఉండాల్సింది "చెరిపేయి". "బుక్" అంటే బస్సు టికెట్ యాప్‌లో పుస్తకం కాదు అని చెప్పేవాళ్లు లేకపోతే పుస్తకం వచ్చేస్తుంది. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌ను తెలుగు చేసే ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైట్‌లో దీనికి ఒక మంచి ఏర్పాటు ఉంది: ఒక్కో మాటకు అది ఏ స్క్రీన్ మీద, ఏ బటన్ మీద వస్తుందో వివరణ రాయడానికి విడిగా ఒక చోటు ఉంటుంది, దాన్ని క్యూక్యూక్యూ అనే నకిలీ భాషా కోడ్ కింద దాస్తారు. వివరణ ఉన్న మాటలకు తెలుగు ఎంత తేలిగ్గా పడుతుందో, లేనివాటికి ఎంత తంటానో అక్కడ కొంచెం పని చేస్తే తెలుస్తుంది. జీతమిచ్చి పని చేయించే కంపెనీల్లో చాలా చోట్ల ఈపాటి ఏర్పాటు ఉండదు.

మాటల పట్టికలు లేకపోలేదు. ఫ్యూయెల్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కంప్యూటర్లకూ, మొబైల్‌కూ తరచూ వాడే మాటలను భారతీయ భాషల్లో ఒక చోట చేర్చింది, ఒక్కో యాప్‌లో ఒక్కో మాట రాకుండా. మైక్రోసాఫ్ట్ తెలుగుకు స్టైల్ గైడ్, అంటే ఎలా రాయాలో చెప్పే పుస్తకం, ఇచ్చింది. ఇవి పనికొస్తాయి, కాదనను. అయితే పట్టికలో పేర్లకు సమాధానం దొరికినంత బాగా క్రియలకు దొరకదు. తెలుగు క్రియ పక్కన ఏముందో చూసుకుని రూపు మార్చుకుంటుంది, ఒంటరిగా పట్టికలో కూర్చోదు.

పేరు కూడా కూర్చోదు, ఆ మాటకొస్తే. బస్సు యాప్‌ల్లో "అనంతపురం నుండి ధర్మవరం కు" అని చూసే ఉంటారు. మనం ధర్మవరానికి పోతాం. కదిరికి పోతాం, కడపకు పోతాం, కర్నూలుకు పోతాం, ఇంటికి పోతాం. ఇకారం ఉంటే కి, లేకపోతే కు, సున్నాతో ముగిస్తే మాటే మారిపోయి ఆనికి. యాప్ రాసే కుర్రాడు ఒక ఖాళీ పెట్టి దాని పక్కన "కు" అతికిస్తాడు, ఖాళీలో ఏ ఊరైనా వచ్చి పడుతుంది. మనుషుల పేర్లకూ అంతే, "రవి కు పంపారు", "లక్ష్మి కు రూ. 500". దీన్ని సరిచేయడానికి తెలుగు వ్యాకరణమంతా ఫోన్‌లోకి ఎక్కించనక్కర్లేదు, వాక్యాన్నే తప్పిస్తే చాలు. "ఎక్కేది: అనంతపురం. దిగేది: ధర్మవరం." ఇంకేం కావాలి? కండక్టర్ అడిగేది కూడా అదే కదా, యాడ ఎక్కినావు, యాడ దిగుతావు. డబ్బు పంపే చోట "ఎవరికి: లక్ష్మి. ఎంత: రూ. 500". విభక్తి అంతా ప్రశ్నలోకి పోయింది, పేరు ఉన్నదున్నట్టు నిలబడింది.

అంకెల దగ్గర ఇంకో తమాషా. ఏకవచనం, బహువచనం అని రెండు రూపాలు ఇచ్చే వీలు ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, కంప్యూటర్లలో లిపులకు ప్రమాణాలు పెట్టే యూనికోడ్ వాళ్ల నియమాల్లో తెలుగుకు ఒకటి వేరు, మిగతావన్నీ వేరు, సున్నా కూడా ఆ మిగతావాటిలోనే. ఫైళ్లకు ఇది సరిపోతుంది, "1 ఫైల్ ఉంది", "2 ఫైళ్లు ఉన్నాయి", అదీ క్రియను కూడా లోపలికి తెచ్చి రాస్తే. పేరును మాత్రమే మార్చి క్రియను బయట వదిలేస్తే "2 ఫైళ్లు ఉంది" అని వస్తుంది. మనుషుల దగ్గర ఇదీ చాలదు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అలా ఏడుగురి దాకా పోయి, ఆ తర్వాత ఎనిమిది మంది. స్టేటస్ కింద "1 మంది చూశారు" అని కనిపించినప్పుడల్లా ఆ ఒక్క మంది ఎవరో చూడాలనిపిస్తుంది. "చూసినవాళ్లు: 1" అని రాస్తే గొడవ వదిలింది. ఇక్కడ కూడా చేసింది అదే, అంకెను వాక్యంలోంచి బయటికి లాగి పక్కన పెట్టడం.

జనం మాట్లాడే తెలుగును యాప్‌లో పెట్టమని నేను అంటున్నాను కాబట్టి ఏ ఊరి తెలుగు అని అడుగుతారు, అడగాల్సిందే. మా దగ్గర బటన్ ఒత్తుతారు, కోస్తాలో నొక్కుతారు. మేం ఊరికి పోతాం, వాళ్లు వెళ్తారు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ "మెసేజ్ పోయింది" అని రాస్తే మా అమ్మకు అది చేరిందని అర్థం, విజయవాడలో మా చిన్నమ్మ కూతురికి అది మాయమైందని అర్థం. "డబ్బు పోయింది" అని రాస్తే ఇక చెప్పక్కర్లేదు, రెండు చోట్లా గుండె ఆగుతుంది. కాబట్టి యాసను అలాగే దింపమని నేను అనను. అందరికీ ఒకే అర్థమిచ్చే వాడుక మాటలు బోలెడు ఉన్నాయి, వెళ్లింది, చేరింది, పడింది, ఆగింది, వచ్చింది. వీటిని వదిలేసి "పంపబడింది", "స్వీకరించబడింది", "తిరస్కరించబడినది" దగ్గరికి ఎందుకు పోతామో నాకు తెలుసు: ఇంగ్లీషు గడిలో ఎవరు చేశారో చెప్పకుండా రాసి ఉంటుంది, మనమూ అలాగే రాయాలనుకుంటాం. తెలుగుకు ఆ "బడు" అక్కర్లేదు. ఎవరు చేశారో చెప్పకపోయినా క్రియ హాయిగా నడుస్తుంది, "మెసేజ్ చేరింది" అంటే చాలు.

మాట ఎంత బాగున్నా స్క్రీన్ మీద సగమే కనిపిస్తే? ఇది డిజైన్ చేసేవాళ్లు తప్పక వినాలి. తెలుగు నిలువునా ఎక్కువ చోటు అడిగే లిపి. పైన గుడులు, కింద ఒత్తులు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఇంగ్లీషు ఎత్తుకు కొలిచిన బటన్‌లో తెలుగు పెడితే కింది ఒత్తు కోసుకుపోతుంది. "లక్ష్మి"లో ఒత్తులు రెండూ పోతే మిగిలేది "లకి". "వద్దు" కాస్తా "వదు", "రద్దు" కాస్తా "రదు". పెద్దవాళ్లు కళ్లకు ఆనక అక్షరాల సైజు పెంచుకుంటారు, అప్పుడు ఇంకా ఘోరం. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫోన్ మెనూ భాషగా అధికారికంగా చేరింది 2014లో వచ్చిన 5.0 వెర్షన్‌తో. ఇలాంటి ఎత్తు లిపులకు ఎక్కువ చోటు వదిలే ఏర్పాటు కూడా అప్పటి నుంచే ఉంది, కాకపోతే యాప్ రాసేవాళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని ఆన్ చేయాలి. ఎవరు చేస్తారు? చివరికి 2024లో ఆండ్రాయిడ్ 15కు తగ్గట్టు రాసిన యాప్‌లకు అది దానంతట అదే ఆన్‌లో ఉండేలా మార్చారు, తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం, థాయ్ లాంటి లిపుల కోసం. పదేళ్లు పట్టింది. పాత ఫోన్లలో, పాత యాప్‌లలో ఇప్పటికీ "వదు"లే.

యాపిల్ వాళ్లకు తెలుగు లిపి ఒకసారి గట్టిగానే గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞ"కు దీర్ఘం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు కలిసిన మెసేజ్ వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిపోయేవి. జనం సరదాకి ఒకరికొకరు పంపుకున్నారు. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. అప్పుడు మా వాళ్లంతా తెలుగుకు భలే పవరుందని మీసం తిప్పారు, నేనైతే తెలుగును ఎవరూ సరిగా పరీక్షించలేదని లెక్కేసుకున్నాను.

ఇప్పుడు డబ్బు సంగతి, ఎందుకంటే షాపులో టెన్షన్‌తో వచ్చేవాళ్లు ఎక్కువగా దీని కోసమే వస్తారు. యూపీఐలో మనం డబ్బు పంపడమే కాదు, అవతలివాళ్లు మన దగ్గర డబ్బు అడిగే వీలూ ఉండేది. ఆ అడిగేదాన్ని యాప్‌లలో తెలుగులో "చెల్లింపు అభ్యర్థన" అని రాసి, కింద "ఆమోదించు", "తిరస్కరించు" అని పెట్టేవాళ్లు. మోసగాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? ఫోన్ చేసి, మీకు లోన్ డబ్బు వస్తోంది, ఆమోదించు అని కనిపిస్తుంది, నొక్కి పిన్ వేయండి అనేవాళ్లు. ఆమోదించు అంటే మంచి మాటే కదా, ఏదో మంజూరైనట్టు ఉంటుంది. నొక్కి పిన్ వేస్తే డబ్బు రావడం కాదు, పోవడం. వ్యక్తుల మధ్య ఈ అడిగే పద్ధతిని 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు, మంచిదయింది. కంపెనీలు, షాపులు అడిగేవి మాత్రం అప్పుడు ఆపలేదు. అక్కడ రాయాల్సిన వాక్యం నా దృష్టిలో ఇది: "ఫలానా షాపు మీ దగ్గర రూ. 2,000 అడుగుతోంది. ఇస్తారా?" బటన్లు "ఇస్తాను", "ఇవ్వను". ఇస్తాను అనే బటన్ నొక్కి డబ్బు వస్తుందని ఎవరూ అనుకోరు. మాట మార్చినంత మాత్రాన మోసం ఆగదని నాకూ తెలుసు, డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు అన్నది ఇంట్లో పెద్దవాళ్లకు విడిగా చెప్పి ఉంచండి. ఆమోదించు అనే మాట మోసగాడికి పని సులువు చేసింది అన్నదీ నిజమే.

అంకెల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. కొందరు కంపెనీవాళ్లు తెలుగు మీద ప్రేమతో ౧౨౩ అని తెలుగు అంకెలు పెడతారు. వద్దు. పిల్లలకూ రావు, పెద్దలకూ రావు. ఆ శ్రద్ధ కామాల మీద పెట్టండి, 1,00,000 అని ఉండాలి, 100,000 కాదు, లక్ష చూడగానే లక్షలా కనిపించాలి.

చివరగా పనికొచ్చే సంగతి ఒకటి. ఫోన్ మొత్తం తెలుగులోకి మార్చాలన్న నియమం ఏం లేదు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కు విడిగా భాష పెట్టుకోవచ్చు, సెట్టింగ్స్‌లో భాషల దగ్గర యాప్ భాషలు అని ఉంటుంది. మా బావ ఇప్పుడు చేస్తున్నది ఇదే: ఫోన్ మెనూలు జనానికి అలవాటైన ఇంగ్లీషులోనే ఉంచి, వాట్సాప్ లాంటివి, తెలుగు కాస్త బాగున్నవి మాత్రం తెలుగులో పెట్టిస్తాడు. కొన్ని యాప్‌లు ఆ జాబితాలో కనిపించవు, ముఖ్యంగా బ్యాంకుల యాప్‌లు కొన్ని తమ లోపలే భాష మార్చుకునే బటన్ దాచుకుంటాయి, ప్రొఫైల్‌లోనో, మూడు గీతల వెనకో వెతకాలి. తెలుగులోకి మార్చే ముందు ఆ బటన్ ఎక్కడుందో ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తెలుగులోకి మారాక దాని పేరు ఏమై ఉంటుందో రాసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.